వేసా చెయ్యి

"లే. లేచి నిలబడు. ఇంకో ఆట ఆడదాం."

"చాల్లేరా ఇల్కా. ఇవాళ్టికి చాలు."

"చాలేంటి చాలు? ఇన్నేళ్లలో నిన్ను వరసపెట్టి పడేస్తున్నది ఇప్పుడే. నేను గంతులెయ్యాలి. వెయ్యబుద్ధి కావట్లేదు. ఎందుకో నువ్వే చెప్పు."

ఏప్రిల్ నెల, ఆదివారం మధ్యాహ్నం. కొత్కా ఓడరేవులో క్రేన్ నడిపే ఇల్కా తన వంటింటి బల్ల ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. అటువైపు మాట్లాడుతున్నవాడు వేసా. దేశానికి ఆ చివర, కెమిలో ఉంటాడు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఏళ్ల తరబడి, దాదాపు రోజూ, ఒకే ఆటలో ఒకరినొకరు నరుక్కుంటూ ప్రాణస్నేహితులైనవాళ్లు. ఆటలో ఇల్కా పేరు కర్హు, అంటే ఎలుగు. ఒళ్లంతా ఇనుము, చేతిలో గొడ్డలి. వేసా పేరు సీలి, అంటే ముళ్లపంది. పల్చటి తోలు చొక్కా, రెండు పొట్టి కత్తులు. ఇప్పుడు తెర మీద సీలి నేల మీద పడి ఉంది.

"నీ అదృష్టం బాగుంది, గెలిచావు."

"అదృష్టం కాదు. నేను గొడ్డలి ఎత్తాను, నువ్వు చూస్తూ నిలబడ్డావు. మా అమ్మమ్మ అయినా పక్కకి తప్పుకునేది. నువ్వు ఎడమకి దొర్లేవాడివి కదరా! గొడ్డలి కిందికి రాబోయే ముందు ఒక్క క్షణం ఆగేవాడివి, ఊపిరి తీసుకున్నట్టు. అప్పుడు దొర్లేవాడివి. నా గొడ్డలి నేలకి తగిలేలోపు నీ కత్తి నా వీపులో ఉండేది. ఆ దొర్లుడు ఏమైంది?"

"మౌస్ పాడైంది."

"పోయిన వారమూ మౌసే అన్నావు. కొత్తది కొన్నానన్నావు."

"కొత్తది ఇంకా చేతికి అలవాటు కాలేదు."

"అంతకుముందు జలుబు."

"చేసింది మరి. నాకు జలుబు చేయకూడదా?"

"వేసా."

"ఏంటి?"

"అకౌంటు ఎవరికైనా ఇచ్చేశావా? మాట నీదే. ఆ చెయ్యి మాత్రం నీది కాదు."

"కూర్చున్నది నేనే. ఒట్టు. నేను తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు."

"మీ ఆవిడ తైనా ఎక్కడికెళ్లింది?"

"కాఫీ అయినట్టుంది. ఉండు."

"ఒరేయ్, మీ కాఫీ మెషీను గురగుర నాకు బాగా తెలుసు. అది మోగలేదు."

"సరే, మోగలేదు."

"పోనీ, ఇది చెప్పు. నిన్న ఇనుప తొడుగు వేసుకొచ్చావేంటి? ఇన్నేళ్లూ నన్నేమన్నావు? 'నువ్వు ఇనప్పొయ్యివిరా ఇల్కా, ఉన్నచోటే ఉండి వేడెక్కుతావు' అన్నావు. నేనేమో ఏ కవచానికి ఏ ఆయుధం, బలానికి ఎన్ని పాయింట్లు, వేగానికి ఎన్ని అని కూర్పు కట్టుకుంటూ చచ్చేవాణ్ని. కూర్పు సరిగా కుదిరితే కళ్లు మూసుకుని కొట్టినా గెలుస్తామనేవాణ్ని. నువ్వు పగలబడి నవ్వేవాడివి."

"నవ్వాను."

"'కూర్పుదేముందిరా, ఎవడైనా కడతాడు. చెయ్యే అంతా. అలాంటి చెయ్యి కోట్లలో ఒకళ్లకుంటుంది.' ఇది నీ మాటేనా?"

"నా మాటే."

"నీ చేతిని నువ్వే అలా పొగుడుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఎంత పొగరురా వీడికి అనుకునేవాణ్ని."

"అది పొగరు కాదు."

"మరేంటి?"

"ఏదోలే. వదిలెయ్యి."

"వదలను. నిన్న నువ్వు కట్టుకొచ్చిన కూర్పు నాదానికంటే బాగుంది. ఒప్పుకుంటున్నా. ఎక్కడ బరువుండాలో అక్కడే ఉంది, ఎక్కడ తేలిక కావాలో అక్కడే తేలిక. నీకు ఇంత తెలుసని ఇన్నేళ్లూ నాకు తెలియనే తెలియదు. నా లెక్క ప్రకారం నువ్వు నన్ను పచ్చడి చెయ్యాలి. చెయ్యలేకపోయావు. అంటే నాదే తప్పు. చెయ్యే అంతా. విన్నావా? నా నోటితో నేనే అంటున్నా. ఈ మాట కోసమే కదా ఇన్నేళ్లూ నన్ను వేధించావు. సంతోషమేనా?"

అటువైపు కుర్చీ కిర్రుమంది.

"వేసా? ఉన్నావా?"

"ఉన్నా. ఆ మాట ఇంకోసారి అను."

"ఏ మాట?"

"ఇప్పుడన్నావే, అదే."

"చెయ్యే అంతా. ఏంట్రా, ఏడుస్తున్నావా?"

"లేదు. ఇల్కా, సీలిని తీసేస్తున్నా. ఇవాళే. ఆఖరిసారి నీతో ఆడి తీసేద్దామని కూర్చున్నా."

"తీసేయడమంటే?"

"చెరిపేస్తా. పేరూ, కత్తులూ, అన్నీ. ఇక రాదు."

"పిచ్చా నీకు? ఓడిపోతే చెరిపేసుకుంటారా? ఆ లెక్కన నా ఎలుగు ఎప్పుడో మట్టిలో కలిసిపోయుండాలి. నేనేమన్నా బాధపెట్టానా? వెక్కిరించానా?"

"నువ్వేం చెయ్యలేదు."

"మరి?"

"అది రోజూ నా చేతుల్లో పడిపోతుంటే చూడలేకపోతున్నా."

"నాటకాలు చాలించు. తైనాని పిలువు. ఇన్నేళ్లలో నాతో ఒక్క ముక్క మాట్లాడిన మనిషి కాదనుకో. అయినా సరే, పిలువు. నీ మొగుడి బుర్ర చెడింది, కాస్త కనిపెట్టి చూడమ్మా అని చెప్తా."

"తైనా లేదు."

"వచ్చాకే చెప్తాలే."

"రాదు ఇల్కా. తైనా లేదు."

"లేదంటే... ఏంట్రా నువ్వనేది?"

"మార్చి మొదట్లో. పెరట్లో మంచు ఎత్తిపోస్తోంది. నేను చేస్తానంటే వినలేదు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. పారని మంచులో గుచ్చి, పిడి మీద చేతులు ఆనించింది. అలిసిపోయిందనుకున్నా. లోపలికి రాగానే ఇద్దామని కాఫీ కోసం ఇటు తిరిగా. మళ్ళీ చూసేసరికి పార ఒక్కటే నిలబడి ఉంది."

"అయ్యో దేవుడా."

"గుండె. అంబులెన్సు వెంటనే వచ్చింది. ఎవర్నీ అనడానికి లేదు."

"మార్చిలో... మార్చిలో నెట్ లేదన్నావు కదరా. వీధిలో లైను బాగుచేస్తున్నారన్నావు."

"అన్నాను."

"నేను ఆ లైనువాళ్లని తిట్టాను. నీ తరఫున నోరు నొప్పెట్టేలా తిట్టాను."

"తిట్టావు. వింటుంటే హాయిగా అనిపించింది."

"ఎందుకు చెప్పలేదురా? సెలవు పెట్టి బండెక్కి వచ్చేసేవాణ్ని కాదూ! నీ పక్కన నిలబడేవాణ్ని."

"తెలుసు, వచ్చేవాడివి. అందుకే చెప్పలేదు."

"అదేం మాట?"

"నీకు చెప్పేస్తే ఇక మిగిలేదేముంది? ఇక్కడ వీధి వీధంతా నన్ను చూసి తలలు దించుకుంటోంది. కొట్లో అమ్మాయి కూడా రొట్టె సంచిలో పెడుతూ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. నీ ఒక్కడి దగ్గరే అంతా మామూలుగా ఉంది. ఆట అయ్యాక 'తైనాని అడిగానని చెప్పు' అనేవాడివి. నేను 'అలాగే' అనేవాణ్ని. ఆ అలాగే అనడం కోసమే రోజూ వచ్చి కూర్చున్నా."

"మొన్న కూడా అన్నాను."

"మొన్న కూడా అన్నావు. అలాగే అన్నాను."

"నన్ను క్షమించరా."

"నువ్వేం చేశావని?"

"మౌస్ అబద్ధం, జలుబు అబద్ధం అని దొంగని పట్టుకున్నట్టు నిలదీశాను. గాడిదని. అంత్యక్రియలకి ఎవరన్నా వచ్చారా?"

"తన చెల్లెలు వచ్చింది. మిల్లులో నాతో పనిచేసినవాళ్లు కొందరు. తైనా గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు పాస్టరు. లేచి నిలబడి, తక్కువ మాట్లాడేది అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక కూర్చున్నా. సగమే చెప్పాను. మిగతా సగం చెబితే అక్కడ ఎవరికి అర్థమవుతుంది?"

"ఒక్కడివే ఎలా ఉంటున్నావురా?"

"ఉంటున్నా. కాఫీ ఇంకా ఇద్దరికి సరిపడా పెడుతున్నా. మిగిలింది పారబోస్తున్నా."

"ఇంత జరిగాక ఏ చెయ్యి నిలబడుతుందిరా? మా ఓడరేవులో ఒకాయన, కొడుకు పోయాక చాలాకాలం క్రేన్ ఎక్కలేకపోయాడు. లీవరు పట్టుకుంటే వేళ్లు మొద్దుబారిపోయేవట. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఎక్కేశాడు. ఎప్పట్లాగే గుడ్డు దించినంత మెల్లగా కంటైనరు దించాడు. నీకూ అంతే. చెయ్యి ఎక్కడికీ పోదు వేసా."

"నా సంగతి వేరు."

"అందరూ అలాగే అంటారు."

"అది కాదురా, నేను చెప్పేది..."

"ముందు నేను చెప్పేది విను. ఒక సంగతి ఉంది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇద్దరం ముసలాళ్లం, ఇప్పుడు ఇవన్నీ ఏం మాట్లాడుకుంటాంలే అని మింగేశాను. నువ్వు సీలిని చెరిపేస్తానన్నాక ఇక మింగను."

"చెప్పు."

"మా ఆవిడ రిత్వా నన్ను వదిలి వెళ్లిపోయిన ఏడు గుర్తుందా?"

"ఉంది. చాన్నాళ్లకి చెప్పావు."

"తన తరఫువాళ్లు వచ్చి సామాను పట్టుకెళ్లిపోయారు. నవంబరు. బయట వాన. గోడల మీద ఫొటోలు తీసేసిన చోట తెల్లటి మచ్చలు. ఆ సాయంత్రం దాటి బతికే ఉద్దేశం నాకు లేదు వేసా. ఎలా, ఏంటి అని అడక్కు. అన్నీ సిద్ధం చేసుకున్నా. సర్లే, పోయేముందు ఒక్క ఆట ఆడి పోదాం అనుకున్నా."

"ఇల్కా..."

"అడ్డం రాకు. సీలి అక్కడ ఉంది. నీ మైకు మూసి ఉంది. నేను పలకరించలేదు, నువ్వూ పలకరించలేదు. నీ ఎదురుగా వచ్చి ఊరికే నిలబడ్డా. కొట్టరా బాబూ, కొట్టి పడెయ్యి అన్నట్టు. నా మైకు తెరిచే ఉందన్న ధ్యాస లేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపంతా నీకు వినిపించి ఉంటుంది."

"తర్వాత?"

"నువ్వు కత్తులు పైకెత్తావు. అలాగే ఆగావు. మెల్లగా రెండూ ఒరలో పెట్టేశావు. వచ్చి నా ఎలుగు పక్కన కూర్చున్నావు. ఆ ఆటలో కూర్చోవడం అనేది ఒకటుందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. మాట లేదు, పలుకు లేదు. నేను లేచి నాలుగడుగులు నడిస్తే పక్కనే నడిచావు. కూర్చుంటే కూర్చున్నావు. నా ఏడుపు దానంతటదే అయిపోయింది. లేచి వెళ్లి నేను సిద్ధం చేసుకున్నవన్నీ తీసి పారేశాను. మొహం కడుక్కుని వచ్చి చూస్తే సీలి ఇంకా అక్కడే కూర్చుని ఉంది."

"అక్కడే ఉందా?"

"అక్కడే. నోరు తెరిస్తే ఆపలేని మనిషివి నువ్వు! నువ్వు గనక ఆ రోజు ధైర్యంగా ఉండు, అదీ ఇదీ అని ఒక్క మాట మాట్లాడి ఉంటే నేను లైను కట్టేసి పోయేవాణ్ని. ఆ మౌనం నీకు ఎక్కడినుంచి వచ్చిందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే. మర్నాడు ఏమీ జరగనట్టు మామూలుగా వాగావు. అదీ నా పరువు కోసమే అనుకున్నా. అందుకే అంటున్నా, దాన్ని చెరపకు. ఓడిపో, పడిపో, రోజూ నా చేతిలో చావు, ఫరవాలేదు. నన్ను బతికించిన చెయ్యిరా అది."

ఇల్కా హెడ్‌ఫోన్లు చెవులకి గట్టిగా అదుముకున్నాడు.

"వేసా? మాట్లాడు."

"కత్తులు ఒరలో పెట్టేసిందా? నీ పక్కన కూర్చుందా?"

"నన్నడుగుతావేంటి? నీకు గుర్తులేదా?"

"నాకు తెలియదు ఇల్కా. ఇప్పుడే వింటున్నా."

"తెలియకపోవడమేంట్రా? ఆ రోజు ఆడింది నువ్వేగా!"

"ఆ సాయంత్రం నేను మిల్లులో షిఫ్టులో ఉన్నా, ఇంటికొచ్చాక కూడా తను నాకు చెప్పలేదు... నాకు ఆ చెయ్యి ఏనాడూ లేదురా. కూర్పు కట్టింది నేను, మైకులో వాగింది నేను, కానీ ఇన్నేళ్లూ నా పక్కన కూర్చుని నిన్ను కొట్టింది, ఆ రోజు కొట్టకుండా నీ పక్కన కూర్చున్నది, తైనా."