ఫిట్‌నెస్ ఫొటో

కంటి ఆసుపత్రిలో ఫొటోలు తీసే గది. లైటు ఆర్పి ఉంది. కెమెరా ముందు గడ్డం ఆనించి ఒకతను, కెమెరా వెనక ఫొటోగ్రాఫరమ్మ.

“ఈసారైనా రెప్ప వెయ్యకండి డ్రైవరు గారూ. పచ్చ చుక్కని చూడండి. నన్ను కాదు, చుక్కని.”

“చుక్కనే చూస్తున్నానమ్మా.”

“చూస్తే కన్ను అలా పక్కకెందుకు పోతుంది? ఆ, అంతే. అయిపోయింది. గడ్డం తియ్యొచ్చు.”

“ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవాళే ఇచ్చేస్తారా? రేపు స్కూల్లో అడుగుతారు. అది లేకపోతే బస్సు తాళం చేతికివ్వరు.”

“ఉండండి. మళ్ళీ గడ్డం పెట్టండి. కుడికన్ను ఇంకోటి తీస్తా.”

“బాగా రాలేదా?”

“బాగానే వచ్చింది.”

“మరి?”

“ముందు పెట్టండి.”

“మూడోసారి. నా పెళ్ళిలో కూడా నాకిన్ని ఫొటోలు తియ్యలేదమ్మా.”

“ఇటు రండి. ఈ తెర మీద చూడండి. ఇది మీ కుడికంటి లోపలి గోడ. పోయినేడాది ఇదే కుర్చీలో నేనే తీశాను. ఇక్కడ నల్లగా మచ్చ ఉంది, చూశారా? ఇది ఇవాళ్టిది.”

“పెద్దదైంది.”

“రెట్టింపైంది. చూపు బాగానే ఉందని అప్పుడు సర్టిఫికెట్ ఇచ్చారు. కానీ డాక్టరు గారు నెలలోపు మళ్ళీ రమ్మన్నారు. మీరు రాలేదు.”

“నాకెవరూ చెప్పలేదే.”

“చెప్పలేదా? మూడు ఉత్తరాలు రాశాం. రెండుసార్లు ఫోన్ చేశాం. కంటి ఆసుపత్రి అనగానే పెట్టేశారు.”

“నేనా? నాకే ఉత్తరమూ రాలేదమ్మా.”

“అందినట్టు సంతకాలున్నాయి, మూడింటికీ. ఉండండి, పెద్దది చేసి చూపిస్తా. ఇదిగో.”

“ఇది నా సంతకం కాదు.”

“మీ పేరే ఉంది.”

“పేరుంది. సంతకం... అది సరే. ఆ మచ్చ ప్రమాదమా?”

“అది డాక్టరు గారు చెప్పాలి.”

“మీరు రోజూ చూస్తారుగా.”

“చూస్తాను కాబట్టే మూడుసార్లు తీశాను. పోయినేడాదే వచ్చుంటే కన్ను నిలిచేదేమో. ఇప్పుడు నమ్మకంగా చెప్పలేను. ఇంకా వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇవాళే పెద్దాసుపత్రికి రాసిస్తారు.”

“ఎవరి పేరున?”

“ఎవరి పేరున ఏంటి? మీ పేరున.”

“అంటే, ఈ కార్డులో ఉన్న పేరునా?”

“మీ పేరు అదేగా. అటు చూస్తారేంటి? మీ పేరు అదేనా, కాదా?”

“మంచినీళ్ళున్నాయా అమ్మా?”

“ఉన్నాయి. ముందు చెప్పండి.”

“కార్డు మా అన్నయ్యది. బస్సు నడిపేది ఆయన. నేను... నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను.”

“మరి పోయినేడాది?”

“అప్పుడూ నేనే.”

“తలెత్తండి.”

“ఎత్తలేనమ్మా. ఇద్దరం అచ్చుగుద్దినట్టుంటాం. ఆయనకి దూరంగా ఉన్న బోర్డులు కాస్త మసకట, అంతే. రోడ్డు బాగానే తెలుస్తుందన్నాడు. ‘వెళ్ళి కూర్చోరా, అరగంట పని’ అన్నాడు. నన్ను భుజాన మోసి పెంచినవాడు. కాదనడానికి నోరు రాలేదు.”

“బస్సులో ఎంతమంది పిల్లలు?”

“నలభై రెండు.”

“నలభై రెండు. అరగంట పని.”

“అనండమ్మా. ఇంకా ఎన్నయినా అనండి.”

“నేననడానికి నాకే మొహముంది? కార్డు ఫొటోలో ఎడమ కనుబొమ్మ మీద గాటుంది. మీకు లేదు. పోయినేడాదే గమనించాను. బయట ముప్పైమంది వరసలో ఉన్నారు. పోనీలే అని బటన్ నొక్కేశాను.”

“మీరప్పుడే నన్ను పట్టుకునుంటే బాగుండేది.”

“అవును. బాగుండేది.”

“నా పేరు చెబితే అన్నయ్య ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే...”

“చెప్పకపోతే మీ కంటికి చెయ్యాల్సిన వైద్యం ఆయన కంటికి రాస్తారు.”

“ఆగండమ్మా. ఆ ఉత్తరాలు అన్నయ్య ఇంటికే వెళ్ళుంటాయి.”

“కార్డులో ఉన్న అడ్రసుకే పంపాం.”

“అయితే ఆ సంతకం ఆయనదే. ఆ మెలిక ఆయనదే. మూడూ తీసుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. పైగా మొన్న ఆదివారం ఇంటికొచ్చి, నా పక్కనే కూర్చుని, ‘మళ్ళీ ఒకసారి వెళ్ళొద్దామురా’ అన్నాడు.”

“ఆయనెక్కడ?”

“బయట బెంచీ మీద. చుక్కలమందు వేస్తే నాకు చూపు ఆనదని తోడొచ్చాడు.”

“పిలుస్తాను.”

“వద్దమ్మా. ఆయన మొహం చూడలేను.”

“మీరు చూడకపోతే ఎలా. ఏమండీ, పెద్దాయనా. మిమ్మల్నే. లోపలికి రండి.”

“అయిపోయిందా అమ్మా? ఒరే, ఎక్కడున్నావు? గదంతా చీకటి.”

“ఇక్కడే అన్నయ్యా.”

“సర్టిఫికెట్ ఇచ్చారా?”

“ఆవిడకి చెప్పేశాను.”

“ఏం చెప్పావు?”

“నేనెవరో.”

“ఎందుకురా. ఎందుకు చెప్పావు? అమ్మా, వీడి తప్పేం లేదు, నేనే బలవంతాన—”

“అన్నయ్యా, నా కంట్లో మచ్చుందట. పోయినేడాది నుంచీ ఉందట. నీ అడ్రసుకి ఉత్తరాలు రాశారట.”

“నాకేం ఉత్తరాలు...”

“సంతకాలు చూశాను. వచ్చాయా, లేదా?”

“వచ్చాయి.”

“ఏం చేశావు?”

“బీరువాలో పెట్టాను. చీరల కింద. మీ వదిన కంట పడకుండా.”

“నా కన్ను పోతుందని రాస్తే చీరల కింద పెట్టావా? మడతపెట్టి, దాచేసి, మళ్ళీ నన్నే తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టావా?”

“నీ గురించని తెలియదురా. ఒట్టు. కంటి ఆసుపత్రి నుంచని పోస్టుమాన్ చెప్పగానే నా దొంగతనం బయటపడిందనుకున్నాను. ఫోనొచ్చినా అందుకే పెట్టేశాను.”

“తెలియదంటారేంటండీ? ‘కుడికంటిలో మచ్చ ఉంది, వెంటనే రండి’ అని పెద్దక్షరాల్లో నేనే టైపు చేశాను.”

“మాట్లాడు అన్నయ్యా. ఆవిడ అడుగుతోంది.”

“ఎంత పెద్దక్షరాలైతే ఏంటమ్మా. నాకు అక్షరమన్నది కనపడి ఏడాది దాటింది.”