రెండెకరాల మీద విమానం

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు. దుబాయిలో చనిపోయిన దేవయ్య భార్య బాలమణి, మేడిపల్లిలో తన వాకిట్లోనే మరిది యోహానును నిలబెట్టి అడుగుతోంది.

"విమానాలు దిగే జాగ కొలిసెటోళ్ల జీపుల నుంచి దిగినవట గదా యోహాను, కోరుట్ల బస్టాండు కాడ?"

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్తేంది? దిగినవా, లేదా?"

"తోవల కనవడ్డరు వదినె. ఎక్కుమన్నరు, ఎక్కిన. గంతే."

"గంతేనా? భూములిస్తమనే కాయితం మీద అందరికంటె ముందు నీ దస్కతే ఉన్నదని పక్కింటి జమున జెప్పింది. గదీ గంతేనా?"

"జమునకేం ఎర్క..."

"మాట మల్పకు. పెట్టినవా?"

"పెట్టిన."

"వాయ్యో! నా నోట్లె మన్ను వోసినవు గదయ్యా!"

"గట్ల గాదు వదినె, గది ఉత్త బీడని..."

"బీడా? మక్కకంకులు పాలు వోసుకుంటున్నయి, పోయి సూడుపో! కరీంనగర్ ఇడిసిపెట్టి, జగిత్యాల ఇడిసిపెట్టి, గీ మేడిపల్లికి విమానమా? పట్నం యాడ, విమానం యాడ? దిగేటియి విమానాలు గావు, ప్లాట్లు!"

"శంషాబాద్‌ల కట్టినప్పుడు గూడ గట్లనే అన్నరు. పట్నానికి గంత దూరమెందుకని. దిగుతలేవా?"

"భూమి పోయినోళ్లను అడుగు, ఏం దిగిందో. నువ్వేనా యోహాను, జెండ వట్టుకొని మన నీళ్లు మనయే, మన భూములు మనయే అని గొంతు వోయేదాక ఒర్రింది?"

"నాకేమియ్యలే వదినె."

"ఏమిచ్చిండ్రని నేనడగనే లేదు గదా!"

"ఊరంత గదే అంటున్నరని... ముందే జెప్తున్న."

"కొలువిస్తమన్నరా?"

"లేదు. ప్రభువు తోడు."

"ప్రభువును నడిమిట్లకు తేకు. బతుకంత ఒకల సేన్ల కూలికి వోయిన. సర్కారు గా రెండెకరాలిస్తే నా సేన్ల నేను నిలవడ్డ. మీ అన్న పోయినంక లావణ్య సదువు దాని మీదనే నడుస్తున్నది. పట్టా మీద నీ పేరు పక్కన నా పేరు గూడ ఉన్నది. నా ఏలుముద్ర వడకుంటె నీ దస్కతు సెల్లది. నేనెయ్య."

"ఎయ్యి వదినె. నీ కాల్మొక్త."

"కాళ్లు మొక్కేదాక అచ్చినవంటె పెద్ద కతనే ఉన్నది. ఏందో జెప్పు."

"గల్ఫుకు వోయేది మన దిక్కోళ్లే ఎక్కువాయె. ఎవలన్న సస్తె పెట్టె పట్నంల దిగి, గింత దూరం తోవ వట్టుకొని..."

"ఆగు. మీ అన్న పెట్టె ముచ్చట ఎందుకు తెస్తున్నవ్?"

"నేను తేలే."

"తెచ్చినవ్. తెల్లారంగ దిగిన పెట్టె పొద్దు గూకినంక ఇంటికచ్చింది. ఎండకు పాడైందని తెరువనియ్యలే. ఆఖరిసారి ఆయన మొకం సూడకపోతిని. ఎన్నిసార్లడిగినా సమ్మెల రాస్తారోకో అంటివి, తలకాయ వంచుకుంటివి. యాడ ఆపిండ్రు?"

"కొండగట్టు కాడ."

"నీకెట్ల ఎర్క? ఆ బండ్ల నువ్వు లేవు. పెట్టె ఎంట అచ్చింది ఆయనతోని దుబాయిల ఉన్న సిరిసిల్ల ఓదెలు."

"పెట్టె మర్నాడస్తదని జెప్పిండ్రు నాకు. ఒక రోజు ముందే దిగింది..."

"నీకెట్ల ఎర్క అంటున్న!"

"ఓదెలు పెట్టె కాడనే కూసున్నడట. డ్రైవరొక్కడే నడుసుకుంట అచ్చిండు..."

"యాడికి?"

"మా కాడికి. తోవకు అడ్డం కూసున్నది మేమే వదినె. బండ్ల శవమున్నది, ఇడువుండ్రి అన్నడు. అందరు గిదే అబద్ధం జెప్తున్నరు, పో అని నేనే ఎల్లగొట్టిన. పేరు జెప్పవోయిండు... నేనే ఇనలే."