సగమేటి బావ

ఎవరమ్మా అలా చెప్పింది, ప్రొబేషన్ షరతు తప్పినవాడికి ఇక పెరోలే రాదని? పక్కింటి కుర్రాడి నాన్నేనా? పాపం, ఆయన్నేం అనకు. నేనూ ఒకప్పుడు అంతకంటే గట్టిగా చెప్పినవాణ్ణే. లాయర్లకి నల్లకోట్లు కుట్టేవాణ్ణి కదా, వాళ్ళ కొలతలు తీసి తీసి చట్టం కూడా నా టేపుకి అందిందనుకునేవాణ్ణి. కూర్చో, మా బావ సంగతి చెప్తా. అదే, మా అక్క మొగుడు, రేవులో పడవ నడిపేవాడు. ఊరంతా సగమేటి బావ అనేవాళ్ళు. ఎందుకంటావా, అక్కడికే వస్తున్నా.

రేవు మీద పెత్తనం చేసే కాంట్రాక్టరు ఒకడుండేవాడు. పడవలో పట్టనంతమందిని ఎక్కించమనేవాడు. బావ కుదరదన్నాడు. మాటకి మాట పెరిగింది, తెడ్డు లేచింది, కాంట్రాక్టరు భుజం విరిగింది. మొదటి తప్పు కదా అని జడ్జిగారు శిక్షైతే వేశారు గానీ జైలుకి పంపలేదు, ప్రొబేషన్ మీద బయటే ఉంచారు. వారం వారం ఆఫీసరుకి కనపడాలి, ఊరి హద్దు దాటకూడదు. ఇంతవరకూ బాగానే ఉందా? చిక్కల్లా ఏంటంటే, మా ఊరి హద్దు ఏటి నడిమధ్యన ఉంది. పడవవాడు ఏరు దాటకపోతే ఏం తిని బతుకుతాడు? అందుకని బావ జనాన్ని సగం ఏటి దాకా తీసుకెళ్ళి, అవతలి రేవు నుంచి వచ్చే పడవలోకి ఎక్కించి, వెనక్కి తిరిగేవాడు. ముసలమ్మలు ఒక కాలు ఇందులో ఒక కాలు అందులో పెట్టి ఆయన్ని తిట్టని తిట్టు లేదు. నేనూ ఓసారి కోట్ల మూటతో మారబోయి, ఏ పడవకీ కాకుండా మధ్యలో పడ్డాను. బావ ముందు మూటని లాగాడు, తర్వాత నన్ను. కోట్లు ఈదలేవు కదా బామ్మర్దీ అన్నాడు. నాకూ ఈత రాదని ఆయనకి తెలుసు.

అలా గడుస్తుంటే ఒకరోజు నొప్పులు పడుతున్న ఒకమ్మాయిని తీసుకొచ్చారు. ఆసుపత్రి అవతలి ఒడ్డున. సగం దాకా వెళ్ళారు, అవతలి పడవ జాడే లేదు. బావ కాసేపు ఎదురుచూశాడు. ఆ పిల్ల అత్తగారు, "హద్దు నీకా, నా కోడలికా?" అందట. అంతే, తెడ్డేశాడు. తల్లీబిడ్డా క్షేమం. ఆయన దాటడం ఆఫీసుకి సంబంధించినవాళ్ళెవరూ చూడలేదు. ఆ వారం ఆఫీసరు తల ఎత్తకుండా, అలవాటుగా, హద్దు దాటలేదుగా అన్నాడు. దాటాను సార్ అన్నాడు మనవాడు. ఆఫీసరు మంచివాడేనమ్మా, సరిగ్గా వినలేదేమో, మళ్ళీ అడుగుతున్నా అన్నాడు. మళ్ళీ అడిగినా దాటాను సార్. సంగతి కోర్టుకెళ్ళింది. జడ్జిగారు, ముందు అనుమతి ఎందుకు తీసుకోలేదన్నారు. నడి ఏట్లో ఎవర్నడగను, చేపల్నా అన్నాడు ఈయన. ఇంకేముంది, ప్రొబేషన్ రద్దు, పాత శిక్ష అనుభవించమని లోపలికి తోశారు.

అక్కకి అప్పటికే గుండె బాగాలేదు. నాలుగడుగులేస్తే ఆయాసం. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఆయన్ని త్వరగా రప్పించుకోండి అన్నాడు. నేనేమో గొంతు సవరించుకుని, ప్రొబేషన్ తప్పాడు కాబట్టి పెరోలూ పోయినట్టే అక్కా, రెండూ ఒకటేగా అన్నాను. కోటు కొలతకొచ్చిన లాయరు, చేతులు చాచి నిలబడే నవ్వాడు. "రెండూ వేరయ్యా. లోపలికి పంపకుండా బయట ఉంచితే ప్రొబేషన్. లోపల కొంత శిక్ష గడిపాక షరతులతో వదిలితే పెరోల్. మొదటిది తప్పితే లోపలికెళ్తాడు, రెండోది అడిగే అర్హత మాత్రం పోదు. అయితే అడగొచ్చు, ఇచ్చి తీరాలని లేదు. షరతు తప్పాడన్నది పెరోల్ బోర్డువాళ్ళు తప్పకుండా లెక్కలోకి తీసుకుంటారు" అన్నాడు.

అలాగే తీసుకున్నారు. గడపాల్సినంత గడిపాక బోర్డు ముందు నిలబెట్టి, చేసినదానికి పశ్చాత్తాపం ఉందా అనడిగారు. తెడ్డుతో కొట్టినందుకు ఉంది, దాటినందుకు లేదన్నాడు. తిప్పి పంపారు. మళ్ళీ అడిగే వంతు వచ్చేసరికి అక్క మంచం దిగడమే కష్టమైంది. ఒక్క మాట, తప్పయిందని ఒక్క మాట అనమని లాయరూ నేనూ గడ్డం పట్టుకుని బతిమాలాం. అక్క నన్ను రిక్షా తెమ్మంది. జైలు ఇనుప జాలీ దగ్గర నిలబడి, ఊపిరి కూడదీసుకుని, "నా కోసం ఆ మాట అన్నావో, నా గడప తొక్కకు" అంది. నేను తల పట్టుకున్నాను. బావ మాత్రం వాళ్ళమ్మ మాట విన్న పిల్లాడిలా తలూపాడు.

ఈసారి బోర్డు పెద్దగా ఒకావిడ ఉంది. బయటికి పంపితే మళ్ళీ దాటుతావా అంది. ప్రాణం మీదకొస్తే దాటుతానమ్మా, వచ్చి నేనే చెప్తాను, అప్పుడు చెప్పినట్టే అన్నాడు. ఆవిడ మిగతావాళ్ళ వైపు తిరిగి, అవునూ, ఈయన దాటాడని మనకి చెప్పిందెవరు అని అడిగింది. ఫైలు తిరగేస్తే, ఈయనే అని ఉందట. పెరోల్ ఇచ్చారు.

నేనే వెంటపెట్టుకుని తీసుకొచ్చాను. అక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎలా లేచిందో, ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలీదు. బావ చెప్పులు విడవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నావా?"

"అన్లేదు."

"అయితే లోపలికి రా."

ఆ... తర్వాత అక్క ఎన్నాళ్ళుందనా? ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.