ఒప్పుకున్న కన్ను

చెంప మీది చర్మ క్యాన్సర్‌ను పొద్దుటి నుంచీ పొర తర్వాత పొర కోసి తీస్తున్నారు. కోసిన ప్రతి పొరనూ ల్యాబులో చూసొచ్చేదాకా టైలరు సగం మొహానికి కట్టుతో బయట బెంచీ మీద కూర్చోవాలి. ఈసారి డాక్టరమ్మ అతని భార్యను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. తిరిగొచ్చి ఆమె సంచీలోంచి నీళ్ల సీసా తీసింది.

"ఏమంది? ఈసారైనా కోసిన అంచులో జబ్బు లేదటా?"

"లేదండీ. కింద ఇంకా ఉందట."

"అనుకున్నాలే. ఇక మిగిలింది కన్నేగా. తీసేయమను."

"ముందు కాసిన్ని మంచినీళ్లు తాగండి."

"సూదిలో దారం ఎక్కించడానికి ఎలాగూ ఒక కన్ను మూస్తాను. ఇకనుంచి ఆ శ్రమ కూడా ఉండదు."

"మీకన్నీ వేళాకోళాలే."

"ఏడిస్తే జబ్బు జాలిపడి పోతుందా? మొన్న కన్ను కూడా తీయాల్సి రావచ్చంటే ఇవ్వనని డాక్టరమ్మతో పోట్లాడాను. ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నానని చెప్పు."

"చెప్పానండీ."

"ఏమంది మరి?"

"కన్ను తీయరట."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నానిక్కడ."

ఆమె నీళ్ల సీసా మూత తిప్పుతూనే ఉంది.

"మరి లోపల మిగిలినదాన్ని ఎలా తీస్తారట?"

"నరం పట్టుకుని తలలోకి పాకిపోయిందట. కన్ను తీసినా అందదట."

అతను కట్టు లేని కన్నును వేళ్లతో తడుముకున్నాడు.

"ఇంకోసారి వెళ్లి అడుగు," అన్నాడు చివరికి. "రెండూ ఇస్తానని చెప్పు."