రాజు తల

ఎల్లారెడ్డి బస్టాండు వెనక, దుబాయి నుంచి తెచ్చిన వీడియో గేము గంట లెక్కన ఆడించే దుకాణం. ఆడుతున్నవాడి కాళ్ల దగ్గరి గోనెసంచిలోంచి గొడ్డలి కామ బయటికి కనిపిస్తోంది.

"భాయ్, గేముల నా అన్నను సంపిన రాజును ఇయ్యాలన్నా నరకనిస్తవా? నెలాయె."

"ముందుగాల అడవిల ముసలామెను అడిగి కత్తి తేవాలె, తమ్మీ. గట్ల రాసుంది."

"గది జపాన్ రాత. నీకు సదువ రాదు. కథ నువ్వే సాగదీస్తున్నవ్."

"అవును."

"ఎందుకు?"

"మొదటిరోజే అడిగితివి, కామారెడ్డి బస్సు ఎప్పుడొస్తదని. మీ అన్నను నిజంగ నరికినోడు కోర్టు వాయిదాకు పోయి గా బస్సుల్నే దిగుతడు. సంచిల గొడ్డలి సూసిన. రాజు బతికుంటే నువ్వు ఈ కుర్చీల నుంచి లేవవనుకున్న."

"ఇయ్యాల లేస్త. వాని మెడ మీదనే ఏస్త."

"ముందు రాజును నరికి పో. ఇగో, గీ మీట నొక్కు, కోట తలుపు తెరుసుకుంటది."

"నరికిన. తల దొర్లింది."

"ఇగ గేముల మీ ఊరికి నడువు."

"వచ్చిన. అన్న బొమ్మ గట్లనే పడి ఉంది భాయ్. లేస్తలేడేంది?"

"లేవడు, తమ్మీ."

బయట కామారెడ్డి బస్సు వచ్చి ఆగింది.

"భాయ్, ఇంకో గంట ఆడించు."