సుద్దగీత

హలో… ఆ, నేనే. నేను కాకపోతే ఈ గొంతు ఇంకెవరికుందోయ్? కుట్టుమిషను చప్పుడుని కూడా మింగేసే గొంతు…

ఏంటీ?… మేతా? ఆఁ, పెట్టాను పెట్టాను. ఎనిమిదింటికే పెట్టాను…

చూశాననే కదా చెబుతున్నా! మేత చూడకుండానే పెడతానా?… తింటే కదా మీ మహారాణి. రెండుసార్లు నాకి, నా మొహం వంక చూసి, తోకెత్తుకుని పోయింది. జన్మలో చక్కెర ముట్టని పిల్లికి షుగరట, టీలో మూడు చెంచాలేసుకునే నేను దానికి నర్సునట! పది రోజులుగా దానికి పథ్యం, నాకు పైత్యం…

అలా అరుస్తావేంటి? మీ ఫ్యాక్టరీలో పక్కవాళ్ళ మిషన్లు ఆపమను ముందు… టీ బ్రేకా? మరి టీ తాగవోయ్. ఉన్నదే పదిహేను నిమిషాలు. లాకర్లోంచి ఫోను తీసి, మొగుడు తిన్నాడా అని అడగదు, పిల్లి మేత అడుగుతుంది…

ఉండు, నా మిషను ఆపుతున్నా… ఆ, ఇప్పుడు చెప్పు.

గీతా?… ఓ, మేత కాదా. గీత. ఏ గీత?…

బల్ల మీద సుద్దగీత… సూది వేసినవాళ్ళు గీయాల్సిన గీత, అంతేగా. లేదే. ఇవాళ గీత లేదు. లేదు కనకనే కదా నేను—

నువ్వా?… నువ్వెప్పుడు?…

ఆరున్నరకి.

… అవును, నిద్రపోతున్నాను. నిన్నంతా స్కూలు యూనిఫాంలతో నడుం పడిపోయి… పాపం లేపడమెందుకని నువ్వే పెట్టి, నువ్వే సూది వేసి, గీత గీసి… గిన్నెడూ తిన్నదా?… నువ్వు పెట్టింది మొత్తం తినేసిందా? అందుకా, నేను పెట్టింది ముట్టలేదు…

ఆగు. ఒక్క నిమిషం. నన్ను ఆలోచించుకోనీ…

బల్ల దులిపాను.

నీలం గుడ్డ పరవాలి కదా. లేవగానే బ్రష్షు పుచ్చుకుని బల్లంతా దులిపాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే నా మొదటి పని అదే. చూసి దులుపుతానా? చెయ్యే దులిపేస్తుంది… ఆ తర్వాత చూశాను గీత ఉందా అని. లేదు. సూది తీశాను…

వేశాను. ఆ. ఇన్సులిన్ రెండు పాయింట్లు…

తినకపోతే వెయ్యొద్దన్నారు, గుర్తుంది. రెండుసార్లు నాకిందిగా, చాల్లే అనుకున్నా… నువ్వు రెండు, నేను రెండు. నాలుగు…

ఇక్కడే ఉంది. మిషను కింద, పీలికల బుట్టలో. ఇందాకటి నుంచీ నిద్రే… గుండీ! ఏయ్ గుండీ!…

లేస్తోంది, కంగారు పడకు… లేచింది…

వెనక కాళ్ళు నిలవట్లేదు. తాగినవాడిలా జారిపోతున్నాయి. పడింది. మళ్ళీ పడింది. నా వైపే తిరిగింది గానీ… చూపు నా మీద లేదు…

తేనె. ఏ అరలో?… బొత్తాల డబ్బా వెనక. ఆ, దొరికింది. మూత రావట్లేదు… వచ్చింది. చిగుళ్ళకా?… నోట్లో పొయ్యకూడదు, పొలమారుతుంది, సరే, వేలితో రాస్తున్నా… కొరికింది… కొరకనీ. కొరికే ఓపికుంటే అంతకన్నానా…

స్పీకర్లో పెట్టి ఫోను జేబులో వేస్తున్నా. బుట్టతో సహా డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోతా… షట్టరు ఎందుకిప్పుడు! గుండీలు కుట్టని చొక్కాలు ఎవడికి కావాలి…

వినపడుతోందా?… పరిగెత్తుతూనే ఉన్నాను, నా పరుగు ఇంతే. రెండు వీధులేగా… తప్పుకోండి! బాబూ, సైకిలు పక్కకి!…

నువ్వేం చేశావ్? నువ్వు గీశావు. తప్పు నీదెలా అవుతుంది?… మొదటిరోజే నోటుపుస్తకం కొనుక్కొచ్చావు. ఎవరు ఎప్పుడు వేశారో పెన్నుతో రాసుకుందామన్నావు. నేనేమన్నాను? ‘దర్జీ ఇంట్లో సుద్దే బుద్ధి’ అన్నాను. నువ్వు నవ్వలేదు. నవ్వలేదని రెండోసారి కూడా అన్నాను…

సుద్ద చెరిగిపోవడానికే పుట్టింది. కుట్టాక దులిపితే గుడ్డ మీద ఆనవాలుండకూడదు, అదే దాని గొప్ప. నాకు తెలీదా అది?…

వణుకుతోంది. కాదు, నేను కాదు, అది. బుట్టంతా కొట్టుకుంటోంది… వచ్చేశాను, వచ్చేశాను…

డాక్టరుగారూ! డాక్టరుగారూ!… అమ్మా, మీ కుక్కపిల్ల నడుస్తోంది కదమ్మా, నన్ను ముందు పోనివ్వండి… ఇన్సులిన్ ఎక్కువైపోయిందండీ. నాలుగు పడింది… రెండే చెప్పారు, అవునండీ… లేదండీ, ఈసారి జోకు కాదు. ఒట్టు…

… వింటున్నావా? లోపలికి తీసుకెళ్ళారు. తలుపు సందులోంచి కనిపిస్తోంది. ముందు కాలి మీద బొచ్చు గొరిగారు… నరం దొరకట్లేదు… మళ్ళీ పొడిచారు… దొరికింది. గ్లూకోజు ఎక్కిస్తున్నారు…

వణుకు తగ్గింది. ఆ, తగ్గింది. కానీ లేవట్లేదు…

ఏంటండీ?… ఓహో… సాయంత్రం దాకానా… సరేనండీ.

… సాయంత్రం దాకా ఏమీ చెప్పలేరట. లేస్తే లేస్తుందట. లేచినా చూపు వస్తుందో లేదో చెప్పలేరట…

ఏడవకు. అంతమందిలో ఏడవకు… నన్నా? ఏదో ఒకటి అనమంటావా? ఏం అనను? ‘గుండీ ఊడితే కుట్టేవాణ్ణి నేనున్నాగా’ అని పదకొండేళ్ళు దాన్ని భుజానేసుకుని తిరిగాను. ఇంకేం రావట్లేదు నోటికి…

ఏంటమ్మా?… ఆ పిల్లి మాదేనమ్మా. ఆవిడ మా ఆవిడ, ఫోన్లో… ఏమైందా? చెబుతాను. అందరూ వినండి, నా గొంతు ఎలాగూ అందరికీ వినపడుతుంది. మా పిల్లికి రోజూ సూది వెయ్యాలి. వేసినవాళ్ళు నా బల్ల అంచున సుద్దతో ఒక గీత గీయాలి. గీత ఉంటే రెండోవాళ్ళు సూది ముట్టకూడదు. ఇవాళ పొద్దున మా ఆవిడ వేసింది, గీసింది. నేను లేచి, చూసుకోకుండా ఆ గీత దులిపేశాను. దులిపి, గీత లేదని మళ్ళీ వేశాను. ఇద్దరం దాన్ని బతికించాలనే వేశాం… అంతేనమ్మా. ఇంకేం లేదు…

బెల్లు మోగిందా?… అడిగి చూడు… ఒప్పుకోరా. ఈ ఒక్కరోజు ఫోను దగ్గర పెట్టుకోనివ్వరా?… సరే. లాకర్లో పెట్టెయ్. రెండింటికి గేటు దాటగానే చెయ్యి. ఎత్తుతాను… ఏదైనా సరే ఎత్తుతాను. నీకు అబద్ధం చెప్పను…

ఆ? ఏంటండీ, ఈ కాయితమా?… ఏ టైముకి ఎవరు వేశారో… ఇవ్వండి, నేనే రాస్తాను. పెన్ను ఉందాండీ?…

ఆరున్నర, నువ్వు. ఎనిమిది, నేను.

పెన్నుతోనే రాశానోయ్… హలో?… హలో…