తల లేని ఫొటో

తెల్లారితే ఎగ్జిబిషన్. పేట లైబ్రరీ మేడ మీద హాల్లో ఫొటో క్లబ్బు వాళ్ళు గోడలకు ఫ్రేములు తగిలిస్తున్నారు. క్లబ్బులో కొత్తగా చేరిన రిటైర్డ్ బస్సు డ్రైవరు, భార్యను తాను తీసిన ఫొటో ముందు నిలబెట్టాడు.

"మళ్ళీ నా తల ఎగరగొట్టేశారా! పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే వరస. పెద్దదాని పెళ్ళిలో కూడా నన్ను మెడ కింద నుంచే తీశారు."

"అప్పుడంటే చేతకాక. ఈసారి కావాలనే వదిలేశాను."

"కావాలనా? ఇన్నాళ్ళూ ఇక్కడికొచ్చి నేర్చుకున్నది ఇదన్నమాట!"

"అబ్బ, ముందు ఆ చేతులు చూడవే."

ఆమె కళ్ళజోడు సవరించుకుంది. కుట్టుమిషను దగ్గర రెండు చేతులు సూదిలోకి దారం ఎక్కిస్తున్నాయి. చూపుడువేలి మీద, ఎప్పుడో సూది దిగిన మచ్చ కిటికీ వెలుగులో తెల్లగా కనబడుతోంది.

"ఎప్పుడు తీశారు? నాకు తెలియనే లేదు."

"తెలిస్తే జుట్టు సర్దుకుని కొయ్యబొమ్మలా బిగుసుకుపోయేదానివి."

"ఇంతమందివి ఉండగా, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా మీదే పెట్టారేం?"

"మాకు ఫొటోలు నేర్పే మాస్టారు పెట్టించారు. లోపలికొచ్చిన వాళ్ళకి ముందు ఈ చేతులే కనబడాలన్నారు."

ఆమె మూలనున్న కుర్చీ ఈడ్చుకొచ్చి ఫొటో కింద వేసింది.

"కాళ్ళు నొప్పా?"

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. రేపంతా నేనిక్కడే కూర్చుంటా. ఈ చేతులకి తల ఏదని ఎవరైనా అడిగితే చూపించాలిగా!"